పడమటి గది గోడ

మొన్న ఇంటికి రంగులు వేయిద్దామని మా ఆవిడ పట్టుబట్టి ఒక పెయింటరును పిలిపించింది. అతను గదులన్నీ చూసుకుంటూ వచ్చి, పడమటి గదిలో కిటికీ పక్క గోడకు పొడుగాటి బద్ద ఒకటి ఆనించి, ఈ గోడ మట్టంగా లేదనీ, మధ్యలో అలలు అలలుగా ఉందనీ, రెండుసార్లు లప్పం పెడితే అద్దంలా చేసి ఇస్తాననీ అన్నాడు. తక్కిన ఇల్లంతా నీ ఇష్టం, ఆ గోడను చదును చెయ్యడానికి మాత్రం వీల్లేదని కాస్త గట్టిగానే చెప్పాను. ముక్కు మీద కోపం ఈ వయసులో కూడా పోలేదని మా ఆవిడ సణుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

ఆ గోడ కట్టింది ఎనభైలలో. నా ఈడువాళ్ళకు అప్పటి ఎల్‌బీ నగర్ గుర్తుండే ఉంటుంది. ద్రాక్షతోటలు కొట్టేసి ప్లాట్లు చేసేవాళ్ళు, పందిళ్ళకు పాతిన రాతి స్తంభాలు ఇంకా అక్కడక్కడా నిలబడి ఉండేవి, వాటి మధ్య సున్నం గీతలు గీసి ఇదిగో మీ ప్లాటు అని చూపించేవారు. మాది గుంటూరు వైపు పల్లె. వేరే రాష్ట్రంలో నరాల వైద్యం చదువుకుని వచ్చి, పొద్దున పూట నగరంలో ప్రభుత్వ దవాఖానలో ఉద్యోగం, సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి తీసుకున్న ముందుగదిలో సొంత ప్రాక్టీసు చేసుకునేవాణ్ణి. ఆ ఇంటి యజమానురాలిని కాలనీలో అందరూ పెద్దమ్మ అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. పుట్టిల్లు నల్లగొండ జిల్లా. సాయంత్రం నా పేషంట్లు వరండాలో కూర్చుంటే ఒక్కొక్కరి ఊరూ, పేరూ, రోగమూ నాకంటే ముందే కనుక్కుని ఉండేది. అది నాకు మహా చికాకుగా ఉండేది.

నరాల డాక్టరంటే అప్పట్లో జనం తలనొప్పికీ, నిద్ర పట్టకపోవడానికీ వచ్చేవారు. నా ధ్యాసంతా మాత్రం మోటార్ న్యూరాన్ జబ్బు మీద ఉండేది. మన కండరాలకు కదలమని ఆజ్ఞలు పంపే కణాలు కొన్ని వెన్నుపాములోనూ మెదడులోనూ ఉంటాయి, ఈ జబ్బులో అవి ఒక్కటొక్కటిగా చచ్చిపోతూ ఉంటాయి. మనిషికి తెలివి ఉంటుంది, చూపు ఉంటుంది, చీమ పాకినా తెలుస్తుంది, చెయ్యి మాత్రం లేవదు, తరవాత కాలు, తరవాత మాట, మింగడం, చివరకు ఊపిరి. చాలామందికి రెండు మూడేళ్ళు. మందు అప్పుడు లేదు, ఇప్పుడు కూడా ఉందని గట్టిగా చెప్పలేను. నయం చెయ్యలేనప్పుడు కనీసం వివరంగా రాసి పెడదామని ఒక బౌండు పుస్తకం పెట్టి, అటువంటి పేషంట్ల వివరాలన్నీ అందులో ఎక్కించేవాణ్ణి. నాలుగేళ్ళలో పదిమంది అయ్యారు. ఇంకొందరు దొరికితే పెద్దవాళ్ళ ముందు చదవదగ్గ వ్యాసం అవుతుందని ఆశ.

ఎల్‌బీ నగర్‌లో ప్లాటు కొని ఇల్లు మొదలుపెట్టినప్పుడు మేస్త్రీని కుదిర్చింది పెద్దమ్మే. వాళ్ళ మేడ మీది గదులకు ప్లాస్టరింగు చేసింది ఆయనేనట. నలభై ఏళ్ళుంటాయేమో, మాట తక్కువ మనిషి, పిలిస్తే మెడ తిప్పకుండా మనిషి మొత్తం ఇటు తిరిగి మాట్లాడేవాడు. అదో బింకం అనుకున్నాను. నవ్వితే పళ్ళ మీద గోధుమ రంగు చారలు కనిపించేవి, జర్దా అలవాటు కాబోలు అనుకున్నాను. పనితనం మాత్రం అపురూపం. ముందు గదులు రెండూ చూసిన మా మామగారు గోడ మీద చెయ్యి రాసి చూసి, ఇటువంటి మేస్త్రీ మా వైపు లేడని ఒప్పుకున్నారంటే, ఆయన సంగతి తెలిసిన నాకు అది చిన్న విషయం కాదు.

అటువంటిది పడమటి గది గోడ పాడుచేశాడు. స్కూటరు దిగి లోపలికి వెళ్ళి చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడు ఆయన్ని నువ్వు అనే అనేవాణ్ణి. కూలీలందరి ముందూ కళ్ళెక్కడ పెట్టుకుని చేశావని నానా మాటలూ అన్నాను. ఆయన తాపీ కింద పెట్టి, తల వంచుకోలేక అలాగే నిలబడి, “చెయ్యి పట్టు దప్పుతుంది సారూ, రెండు నెలలసంది,” అన్నాడు.

చెయ్యి పట్టుకుని చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. భుజం దగ్గర చర్మం కింద కండ సన్నగా అదురుతోంది. స్కూటరు డిక్కీలోంచి నరాలు పరీక్షించే రబ్బరు సుత్తి తెచ్చి మోకాలి మీద కొడితే కాలు మామూలుకంటే జోరుగా ఎగిరిపడింది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది గాని రాస్తాను: నాకు ఆ క్షణాన సంతోషం కలిగింది. పదకొండో కేసు నా ఇంటికే నడిచి వచ్చిందనుకున్నాను.

దవాఖానలో సూది పరీక్ష చేయిస్తే నరం దెబ్బతిన్నదనే వచ్చింది. మెడకు ఎక్స్‌రే తీయించడం పద్ధతి. ఇంత స్పష్టంగా ఉంటే ఎందుకని తీయించలేదు. ఇక ఆ రోజుల్లో రోగం పెద్దదైతే రోగికి చెప్పేవాళ్ళం కాదు, ఇంటి మగవాళ్ళలో ఒకరిని పక్కకు పిలిచి చెప్పేవాళ్ళం. అదే దయ అనుకునేవాళ్ళం. మేస్త్రీకి నరాల బలహీనత అని చెప్పి విటమిన్ ఇంజెక్షన్లు రాశాను. ఆయన బావమరిదిని రోడ్డు దాకా నడిపించుకుపోయి, ఇది తగ్గేది కాదు, రెండేళ్ళో మూడేళ్ళో, డాక్టర్ల చుట్టూ తిప్పి ఉన్నది ఊడ్చుకోవద్దు, ఊరికి తీసుకుపోయి బాగా చూసుకోమన్నాను. అతను అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. ఆ వారంలోనే మేస్త్రీని ఊరికి తీసుకుపోయారు. వేరే మేస్త్రీ వచ్చి ఇల్లు పూర్తిచేశాడు. గృహప్రవేశం హడావిడిలో ఆ గోడ బాగు చేయించడం మిగిలిపోయింది.

నాలుగు నెలలు గడిచాక ఒక సాయంత్రం పెద్దమ్మ, వరండా మీద కప్పు కారుతోంది, మేస్త్రీ మళ్ళీ ఎప్పుడొస్తాడని అడిగింది. రాడని చెప్పి, రోగం పేరు చెబితే ఆమెకేం అర్థమవుతుందిలే అని, చెయ్యీ కాలూ పడిపోయే జబ్బు అన్నాను. ఆమె, మెడ తిప్పలేకపోయేవాడు కదా, దానికేమన్నావని అడిగింది. నేను బింకం అనుకున్నాననీ, జర్దా పళ్ళేసుకుని ఆ బింకమేమిటని నవ్వుకునేవాణ్ణనీ చెప్పాను.

“జర్దా ఏంది సారూ, ఆయన బీడి గూడ ముట్టడు,” అంది పెద్దమ్మ. “గవి నీళ్ళకు గారవట్టిన పండ్లు. మా తల్లిగారి దిక్కు ఊర్లకు ఊర్లే గట్లుంటయి. ముందుగాల పండ్లు, అటెన్క మెడ వట్టుకపోతది, అటెన్క కాళ్ళు బిగుసుకపోతయి. ఇన్ని చదువులు చదివి నోరు తెరిపిచ్చి చూడలేదా?”

ఫ్లోరైడు నీళ్ళ సంగతి నేను చదవకపోలేదు. ఎముకలు మందమెక్కి వెన్నుపాము ఉండే సందు ఇరుకైపోతే, ఆ నొక్కుడుకు చేతుల్లో కండ కరగడం, కాళ్ళు బిగుసుకోవడం అచ్చం నా జబ్బులాగే కనిపిస్తాయి. తేడా ఒక్కటే, దీనికి ఆపరేషన్ ఉంది. చదివింది పుస్తకంలో ఉండిపోయింది, మనిషి మాత్రం నా ఎదుట నాలుగు నెలలు గోడలు కట్టాడు.

ఆదివారం పొద్దున్నే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి నల్లగొండ జిల్లాలో మేస్త్రీ ఊరు చేరాను. చేతిపంపు దగ్గర బిందెలు పట్టుకున్నవాళ్ళలో ముగ్గురు నడుము వంగినవాళ్ళు కనిపించారు, దారి అడిగితే వాళ్ళూ మెడ తిప్పకుండా మొత్తం తిరిగే చెప్పారు. మేస్త్రీ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. నేను వద్దన్నాను కనుక ఏ డాక్టరుకూ చూపించలేదు. లేచి నిలబడడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. ఆయన పక్కన కూర్చుని, నేను పొరబడ్డాననీ, మీ బావమరిదితో ఇలా చెప్పాననీ, అది కాకపోవచ్చనీ, వెంటనే రమ్మనీ చెప్పాను. నువ్వు అనడం నాకు ఆ రోజుతోనే పోయింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే నాకు సులువుగా ఉండేది. “బలహీనత అన్నవ్ గద సారూ,” అన్నాడు. “మరి ఇంట్ల అందరు నన్ను జూసి ఎందుకు ఏడుస్తుండ్రో నాకు సమజ్ గాలే.”

ఎక్స్‌రేలో ఎముకలు సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చాయి. మెడ వెనక ఎముక తీసి వెన్నుపాముకు చోటు చేశారు. సర్జను నాకు సీనియరు, మొహమాటం లేని మనిషి, నాలుగు నెలల ముందు తెచ్చి ఉంటే చేతులు కూడా దక్కేవేమోనని నా మొహం మీదే అన్నాడు. కాళ్ళు వచ్చాయి. ఆరు నెలలకు కర్ర పట్టుకుని నడిచాడు, తరవాత చాలా ఏళ్ళు బతికాడు. చేతుల్లో పట్టు మాత్రం తిరిగి రాలేదు. మళ్ళీ తాపీ పట్టలేదు.

నడక వచ్చిన కొత్తలో ఒకసారి మా ఇంటికి వచ్చి, నేరుగా పడమటి గదిలోకి వెళ్ళి ఆ గోడను చూశాడు. చూస్తే తనకే సిగ్గుగా ఉందనీ, మనిషిని తెచ్చి దగ్గరుండి మళ్ళీ చేయిస్తాననీ అన్నాడు. వద్దన్నాను. నా కళ్ళలో నీళ్ళు చూసి ఏమనుకున్నాడో, మాట మార్చి, “మీ బోరు నీళ్ళు పరీక్ష చేపిచ్చినవా సారూ? పిల్లలున్న ఇల్లు,” అన్నాడు. నేను చేయించలేదు. మర్నాడే సీసాలో పట్టి పంపాను.

పుస్తకంలో పదకొండో పేజీ కొట్టేశాను. తరవాత మిగిలినవాళ్ళలో బతికి ఉన్న అందర్నీ వెతికి పిలిపించి, నోళ్ళు తెరిపించి, మెడలకు ఎక్స్‌రేలు తీయించాను. నా జీవితంలో నా చదువు తప్పు కావాలని కోరుకున్నది ఆ నెల రోజులే. ఒక్కరి విషయంలోనూ తప్పు కాలేదు. వాళ్ళకు ఈసారి వాళ్ళ రోగం సంగతి వాళ్ళకే, పక్కన కూర్చుని, నిదానంగా చెప్పాను. వ్యాసం ఎప్పుడో వచ్చింది. ఎవరికీ గుర్తు లేదు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు వీధులకొక స్కానింగ్ సెంటరుంది, నీళ్ళు డబ్బాల్లో వస్తాయి. నేను చేసిన పొరబాటు ఈ కాలపు కుర్ర డాక్టరు చెయ్యడు, స్కాను చెయ్యనివ్వదు, అది మంచిదే. కాని మీది ఏ ఊరు, ఏ నీళ్ళు తాగారని అడిగే తీరిక వాళ్ళకు లేదు, వరండాలో కూర్చుని అడిగి పెట్టే పెద్దమ్మలు కూడా లేరు. ఆవిడ ఇల్లున్న చోట అయిదంతస్తుల కోచింగ్ సెంటరు లేచింది.

పెయింటరు లప్పం డబ్బా పక్కన పెట్టి, ఆ గోడకు ఊరికే రంగు వేసి వెళ్ళాడు. సాయంత్రం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడినప్పుడు కొత్త రంగు మీద కూడా ఆ అలలు తేలతాయి. ఆయన చెయ్యి ఎక్కడ పట్టు తప్పిందో, మళ్ళీ ఎక్కడ బలవంతాన పట్టు తెచ్చుకున్నాడో ఇప్పుడు వేలు పెట్టి చూపించగలను. ఆ రోజు అదే గోడ ముందు నిలబడి ఆయన్ని తిట్టాను.