నాటకం కంటే ముందు శాలువా

నిన్నటితో డిగ్రీ పరీక్షలైపోయాయి. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నాటకం పుస్తకాన్ని ఈ రోజు పొద్దుటి నుంచీ చదివి, చివరి రంగం దగ్గర కావాలనే ఆపేశాను. సాయంత్రం మా నర్సీపట్నంలో అదే నాటకం ఆడుతున్నారు మరి. ముగింపు స్టేజీ మీదే చూడాలని నా ఆశ.

ముందు వరసలో కూర్చున్నాను. జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, సన్మానాలు. ఒక్కో పెద్దమనిషికీ ఒక శాలువా, ఒక ఫొటో. తెర సందులోంచి చూస్తే, రంగు పూసుకున్న నటులు చెమటలు తుడుచుకుంటున్నారు. అంతలో నిర్వాహకుడుగారు మైకులో నన్ను పిలిచారు.

"ఈ రోజుల్లో కూడా నాటకం సూడ్డానికొచ్చిన కాలేజీ పిల్ల! రామ్మా, నీకూ సన్మానం."

"వద్దండీ, ముందు నాటకం మొదలెట్టండి."

"మొదలెట్టేత్తాం తల్లీ. ఇది బేగి అయిపోద్ది."

శాలువా కప్పారు. నాటకరంగం భవిష్యత్తు నేనేనట. దాని మీద ఇంకో ఇద్దరు మాట్లాడారు. ఆ తర్వాత మొదలైన నాటకాన్ని, హాలు ఖాళీ చేసే టైమైందని, చివరి రంగం లేకుండానే ముగించి దండాలు పెట్టేశారు.

ఇంటికొచ్చి ఆ రంగం పుస్తకంలోనే చదువుకున్నాను. చాలా బాగుంది. మీ ఊళ్లో ఎవరైనా దాన్ని ఆడగా చూసి ఉంటే చెప్పండి, ఈ శాలువా మీకు కప్పుతాను.