నొక్కిన పీచ్ పండు

ఎనభైల్లో ఒక సెప్టెంబరు మధ్యాహ్నం, న్యూజెర్సీలో అత్తయ్యా నేనూ బస్సులో వెళ్తున్నాం. పక్క సీట్లో ఒక తెల్లావిడ, ఆమె ఒళ్ళో పీచ్ పళ్ళ పెట్టె. వాళ్ళ తోటలో అది ఆఖరి కోతట. ఊళ్ళో షాపతనికి ఈ పెట్టె నచ్చితే మిగతా పళ్ళన్నీ కొంటాడట. ఇంటిల్లిపాదీ కోతకి సిద్ధంగా చెట్ల దగ్గరే ఉన్నారని చెబుతూ, తోట వైపు కమ్ముకొస్తున్న మబ్బును మళ్ళీ మళ్ళీ చూసింది. వడగళ్ళు పడితే చెట్టుమీద ఒక్క పండూ దక్కదంది.

ఇంతలో బస్సుకి సడన్ బ్రేకు పడింది. పెట్టెలోంచి ఒక పండు దొర్లి అత్తయ్య కాళ్ళ దగ్గరికొచ్చింది. అత్తయ్య దాన్ని తీసి, రసం మామిడిపండులా చుట్టూ నొక్కడం మొదలుపెట్టింది.

"నో! డోంట్!" తోటావిడ అరుపుకి బస్సంతా మావైపు తిరిగింది.

"అత్తయ్యా, నొక్కకండి!" అన్నాను.

"నొక్కకపోతే రసం ఎలా వస్తుందే?"

ఏం చేయాలో తోచక ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాను. తోటావిడ నవ్వలేదు. పండు మీద బొటనవేళ్ళ గుంటలు చూసి, దాన్ని అత్తయ్య చేతిలోనే ఉండనిచ్చింది. "తిని చూడమను. ఎలా ఉందో చెప్పమను," అంది.

అత్తయ్య తొడిమ దగ్గర కొరికి పీల్చింది. తోటావిడ అత్తయ్య మొహంలోకే చూస్తోంది.

"తేనెలా ఉందని చెప్పవే."

నేను నోరు తెరిచేలోపే బస్సు టాపు మీద టపటపా వడగళ్ళు మొదలయ్యాయి. తోటావిడ వెనక్కి, తోట వైపు చూడలేదు. బస్సులో కూర్చునే, పెట్టె మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టింది.