కరెంటు పోయినా గుడ్లు చల్లారలేదు

ఈ రోజు మొదటి షిఫ్టు ముగించుకుని గోదావరిఖనిలోని మా క్వార్టర్‌కు వచ్చేసరికి, గాలివానకు పొద్దుటి నుంచి కరెంటు లేదని తెలిసింది. మా ఇంట్లో గుడ్లు పొదిగించే కరెంటు పెట్టె, ఇంక్యుబేటర్‌లో ఉన్నవేమో నేడో రేపో పిల్లలయ్యే కోడిగుడ్లు. మా ఆవిడ సరోజ ఆ పెట్టెకు దుప్పటి చుట్టి, లోపల వేడినీళ్ల సీసాలు పెట్టి, చల్లారినవి మారుస్తూ దాని పక్కనే కూర్చుంది.

"ఇగ గుడ్లు పోయినట్టేనా?" అన్నాను.

"ఎట్ల పోతయి? నేను లేనా ఈడ? జల్ది పొయ్యి మీద నీళ్లు చూడు!"

తిండి మాట మరిచి నీళ్లు కాచి అందించాను. సాయంత్రం ఒక గుడ్డు చిట్లి కిచకిచ వినిపించింది. తడి రెక్కల పిల్ల బయటికొచ్చాక గానీ, కరెంటు వచ్చిన సంగతి మేం గమనించలేదు.

ఈ రోజు మా ఇంట్లో అసలు డ్యూటీ చేసింది సరోజే. కాదనేవాళ్లుంటే ఆమెతోనే చెప్పండి, నాకంత ధైర్యం లేదు!