జైపాల్ విమానంలో మూడువందల అద్దాలు

మా జైపాల్ తన విమానంలో దీపం వెలిగించిన సాయంత్రం, చెల్పూర్ కరెంటు కేంద్రంలో డ్యూటీ దిగినవాళ్లంతా తెల్లారిందనుకుని పళ్లు తోముకున్నారు.

సరే, అందరూ కాదు. ఒక్కడే తోముకున్నాడు. అతను రోజూ సాయంత్రం కూడా తోముకుంటాడని తర్వాత తెలిసింది. పైగా జైపాల్ ఉండే నెల్లికుదురు నుంచి చెల్పూర్ దాదాపు వంద కిలోమీటర్లు. కానీ విమానం ఉన్నమాట, దీపం ఉన్నమాట, ఆ దీపం వల్ల ఒక నిక్షేపమైన సంసారం వారం రోజులు గండంలో పడినమాట మాత్రం నేను కళ్లారా చూశాను. కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను.

జైపాల్‌ది నెల్లికుదురు పక్కన తండా. తండ్రి రాంజీ కూలిపనికి పుణె దాకా పోయి వచ్చేవాడు. కొడుకును మాత్రం కరెంటు పని నేర్చుకొమ్మని ఐటీఐలో చేర్చాడు. జైపాల్ చెల్పూర్‌లో కాంట్రాక్టరు కింద పన్నెండేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. సెలవు దొరికితే భూపాలపల్లిలో ఒక బస్సు, హన్మకొండలో ఇంకొకటి, మహబూబాబాద్‌లో మరొకటి ఎక్కి ఇల్లు చేరేవాడు. ఒకరోజు లెక్క వేసుకుంటే, బతుకులో ఏడాదిన్నర బస్టాండుల్లోనే గడిచిందని తేలింది. ఇంకెవరైనా అయితే మోటార్ సైకిల్ కొనుక్కునేవారు. జైపాల్ విమానం కట్టడం మొదలుపెట్టాడు.

పత్తి నిలవచేసే రేకుల షెడ్డులో ఆరేళ్లు కట్టాడు. అల్యూమినియం గొట్టాలు, రెక్కలకు గుడ్డ, ముందు చిన్న ఇంజను, లోపల రెండు సీట్లు. మూడో ఏడు దాకా తండాలో అందరూ అది పత్తికి మందుకొట్టే కొత్త మిషన్ అనుకున్నారు. తమ చేన్లకు ఎప్పుడు వస్తుందని వరస కూడా రాయించుకున్నారు.

ఎగరాలంటే విమానం కడితే సరిపోదు, కాగితాలు కావాలి. విమానాలు నడిపి రిటైరైన ఒక పెద్దసారు హైదరాబాదు నుంచి వచ్చి, చూసి, సంతకం పెడితే తప్ప అవి ముందుకు కదలవు. ఆయన ఫోన్లో చెప్పాడు: “వచ్చే ఆదివారం వస్తాను. పొద్దుగూకే వేళకు నువ్వు ఇంకా పైనే ఉంటే లోపల దీపం కావాలి. మీటర్లలో ప్రతి ముల్లూ కనబడాలి. అద్దంలోంచి బయటికి చూస్తే నేల కనబడాలి, నీ మొహం కాదు. అదొక్కటీ కుదరకపోతే మళ్లీ ఏడాదికి గాని నాకు తీరదు.”

జైపాల్‌కు దీపం అంటే చేతిలో పని. చిక్కల్లా పైకప్పుతో వచ్చింది.

తండావాళ్లలో కొత్త వస్తువు బోడిగా గడప దాటకూడదు. ఎద్దు మీద కప్పే గుడ్డకూ, నీళ్లబిందె కింద తలమీద పెట్టుకునే చుట్టకూ, చేతిసంచికీ ఇంటి ఆడవాళ్లు అద్దాలు, గవ్వలు కుట్టాల్సిందే. అలాంటిది విమానాన్ని ఊరికే పంపుతారా? జైపాల్ భార్య కళావతి అయిదు నెలలు కూర్చుని ఎర్ర గుడ్డ మీద పసుప్పచ్చ దారంతో మూడువందల అద్దాలు కుట్టి, విమానం లోపలి కప్పు మొత్తానికి అతికించింది. ఆ కుట్టు వాళ్లమ్మ రుక్కి నేర్పింది. చూసినవాళ్లు నోరు తెరిచారు. జైపాల్ కూడా తెరిచాడు, దీపం పెట్టేదాకా.

సోమవారం నాడు మొక్కజొన్నల మీద కప్పే నల్లపట్టా తెచ్చి విమానం మీద కప్పాడు. మిట్టమధ్యాహ్నమే లోపల చిమ్మచీకటి. వయసులో పెద్దవాణ్నని బాపు అని పిలిచే నన్ను పక్కసీట్లో సాక్షిగా కూర్చోబెట్టి, పైన తెల్ల ఎల్‌ఈడీ పట్టీ వెలిగించాడు.

“ఏం కనబడ్తున్నది బాపు?”

“నువ్వేరా. మూడువందల మంది.”

“మీటర్లు?”

“నీ మొహాలు అడ్డమున్నయి, జరుగు.”

కాన్వెంటులో సిస్టరు కాంతి పరావర్తనం పాఠం చెప్పిన రోజున నేను కిటికీలోంచి జామచెట్టు కేసి చూస్తున్నాను. లేకపోతే ఈ కథ ఇక్కడే ముగిసేది.

మంగళవారం మహబూబాబాద్‌లో బస్సుల సామాను అమ్మే కొట్టు నుంచి నీలం దీపం తెచ్చాడు. రాత్రి బస్సుల్లో వెలుగుతుంది చూడండి, అది. చల్లగా, హాయిగా ఉంది. పది నిమిషాలకు నేను నిద్రపోయాను. లేచి చూస్తే జైపాల్ తల కిటికీకి ఆనించి ఉంది. కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నానన్నాడు. గురక పెట్టి ఆలోచించేవాణ్ని అప్పుడే చూశాను.

బుధవారం నాటి తప్పు నాది. సీరియల్ బల్బులు చిన్నచిన్నవి కదా, కళ్లకు కొట్టవు అన్నాను. వెలిగించగానే పెళ్లి బారాత్ నడుమ కూర్చున్నట్టయింది. ఇంకా నయం, అడుగు కదపడానికి లోపల చోటు లేదు.

గురువారం ఎర్రదీపం పెట్టాడు. అది కళ్లకు మేలని ఎక్కడో చదివాడట. నిజంగానే అద్దాలు కాస్త నెమ్మదించాయి. ముళ్లు కనబడ్డాయి. జైపాల్ మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది.

“బాపు, ఇంజను వేడి గింతకు మించొద్దని మీటర్ల ఎర్రగీత ఉంటది. గా గీత కనబడ్తలేదు.”

“ఎర్ర వెలుగుల ఎర్రగీత ఎట్ల కనబడ్తదిరా?”

“గీత తెల్వకుంట ఎగిరితే ఇంజను మాడుతది.”

“పోనీ, నల్లగీత కొట్టు.”

“పెద్దసారు నా వీపు మీద కొడ్తడు.”

జైపాల్ జేబులోంచి బ్లేడు తీశాడు.

“తప్పు దీపంది కాదు బాపు, అద్దాలది. పీకేస్త.”

“ఇంట్ల చెప్పినవా?”

“నాకేమన్న పిచ్చా?”

“అయిదు నెలలు కుట్టిందిరా అది.”

“నేను ఆరేండ్లు కట్టిన గద!” అంటూనే మూలనున్న అద్దం దారం కోశాడు. ఒక్కో అద్దానికి ఒక్కో నిట్టూర్పు చొప్పున ఏడు అద్దాలు ఊడదీశాడు. ఎనిమిదోదాని మీద బ్లేడు పెట్టేసరికి పట్టా బయట గాజుల చప్పుడు.

“చాయ్ తెచ్చిన. లోపట ఏం చేస్తుండ్రు ఇద్దరు?”

జైపాల్ బ్లేడూ అద్దాలూ నా కళ్లజోడు డబ్బాలో పడేసి మూత నొక్కాడు. నా అనుమతి అడగలేదు. తుడిచి అప్పుడే పెట్టిన కళ్లజోడు కూడా అందులోనే ఉండిపోయింది.

కళావతి పట్టా ఎత్తుకుని వచ్చింది. నేను దిగి సీటిచ్చాను. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలని జైపాల్ గాభరాగా మీటనొక్కాడు. వెలిగింది తెల్లపట్టీ.

“అయ్యో, గిదేం లైటయ్యా! దొంగను పట్టుకునేటట్టున్నది.” ఆమె కళ్లు మూసుకుని చేత్తో తడుముతూ ఆ పట్టీని కిందికి గుంజింది. మీటర్ల పలక మీద పెట్టి, చీరకొంగు దానికి అడ్డంగా పట్టింది.

మూడువందలకు ఏడు తక్కువ అద్దాలు ఒక్కసారిగా చీకట్లో కలిసిపోయాయి. మీటర్ల మీద మాత్రం పలచని వెలుగు. ప్రతి ముల్లూ, ఎర్రగీతతో సహా, జైపాల్‌కు కనబడింది.

“అద్దానికి ఏం కనబడ్తే గదే చూపిస్తది. మీ దీపాన్ని అద్దాలకు కనబడనియ్యకుండ్రి, ఐపాయె,” అంది కళావతి. “కొత్త కోడలు లెక్క జర ముసుగెయ్యాలె దానికి.”

పన్నెండేళ్లు కరెంటు కేంద్రంలో చేసిన మనిషి మింగలేక మింగి, “నేను గూడ గదే అనుకుంటున్న,” అన్నాడు.

“ఎప్పటిసంది?”

“ఇప్పటిసందే.”

ఆమె నవ్వుతూ తల పైకెత్తింది. నవ్వు ఆగింది. “గీ మూల అద్దాలేవి?”

“ఎలుకలు,” అన్నాడు జైపాల్.

“ఎలుక కొరికితే పోగులు లేస్తయి. గిది కోసినట్టున్నది.” నా వైపు తిరిగింది. “బాపు, మీరేమన్న చూసిండ్రా?”

కళ్లజోడు లేకుండా నాకేమీ ఆనదు బిడ్డా అన్నాను. అది నూటికి నూరుపాళ్లు నిజం. డబ్బా తెరిచి పెట్టుకోండి అనకుండా ఆమె వెళ్లిపోవడం నా అదృష్టం.

శుక్ర, శనివారాలు ఆమె ముసుగు కుట్టింది. మీటర్ల పలక పొడుగునా చూరులాగా పైన ఎర్రగుడ్డ, లోపల నల్లగుడ్డ. దాని కింద జైపాల్ గోధుమగింజలంత బల్బులు పెట్టి, ఫ్యాన్ తిప్పే రెగ్యులేటరు లాంటి గుండీ ఒకటి బిగించాడు, వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ. ముసుగు అంచుకు గవ్వలు కుడతానంటే బరువెక్కుతుందని గునిశాడు.

“నీ పొట్ట దించు, నా గవ్వలు ఎక్కుతయి,” అందామె. గవ్వలు ఎక్కాయి. ఊడిన మూలకు ఏడు కొత్త అద్దాలు కూడా.

ఆదివారం పెద్దసారు పట్టా కింద పావుగంట కూర్చున్నాడు. బయట మాకు గుండీ తిప్పే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. జైపాల్ కాలి బొటనవేలితో నేలలో చిన్న బావి తవ్వాడు. చివరికి ఆయన బయటికి వచ్చి, “ముళ్లన్నీ కనబడ్డాయి. నా మొహం మాత్రం ఎక్కడా కనబడలేదు. చాలా సంతోషం,” అని సంతకం పెట్టాడు. “ఆ ముసుగు ఆలోచన ఎవరిది?”

జైపాల్ ఛాతీ నింపుకున్నాడు. పక్కన కళావతి ఉందని గుర్తొచ్చి గాలి వదిలాడు. “ఇద్దరిదీ సార్.”

“ఔ సార్,” అంది కళావతి. “ఆయన అనుకున్నడు, నేను పెట్టిన.”

అచ్చుకు పంపేముందు చూపించడం మర్యాద కదా అని ఇదంతా రాసి నిన్న షెడ్డుకు తీసుకుపోయాను. జైపాల్ విమానంలో కూర్చుని చదువుతుంటే కళావతి అతని భుజం మీదుగా చదివింది. అతనికంటే ఆమె వేగంగా చదువుతుందని నాకు తెలియదు.

“బ్లేడా?” అంది.

జైపాల్ కాగితాలు మడిచి నా చేతిలో పెట్టాడు. కళావతి వైపు చూడలేదు, నా వైపు కూడా చూడలేదు.

“అంతా అబద్ధం. బ్లేడు లేదు, దీపం లేదు, పెద్దసారు లేడు. అసలు నాకు విమానమే లేదు.”