రాజక్క దాచిన గోలీలు

కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు పొద్దున టీ తాగారంటే మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టరు. నీళ్లు తాగితే లేవాలి, లేస్తే చెయ్యి ఆగుతుంది, వెయ్యి బీడీలు పూర్తికావు. రాజక్క ముప్పై ఏళ్లు అలాగే చాట ముందు కూర్చుంది. మూత్రంలో మంట ఆమెకు చుట్టపుచూపుగా వచ్చిపోయే రోగం కాదు, ఒంట్లో కాపురమే పెట్టింది.

డాక్టరు ఐదు రోజులకు గోలీలు రాస్తే రెండో రోజుకే మంట చల్లారేది. మిగిలినవి పారేయడానికి ఆమెకు మనసొప్పేదా? రేకు డబ్బాలో దాచేది. వాడలో ఏ ఆడదానికి మంటొచ్చినా ఇంట్లో మగవాళ్లకు చెప్పుకోలేక రాజక్క గడపే తొక్కేది. ఆమె ఎవరికీ లేదనలేదు. ఆ మంచితనమే కొంప ముంచింది.

మొన్న శ్రావణంలో పక్కింటి ఐలవ్వ నడుము పట్టుకుని వచ్చింది.

"అక్కా, ఒకటే మంట. సలిజరం గూడ అచ్చింది."

"గిదేమన్న కొత్త రోగమా? నాకు గీ గోలీతోనే తగ్గింది. ఏసుకో, నీకూ తగ్గుతది," అని రాజక్క ఆరు గోలీలు చేతిలో పెట్టింది.

ఐలవ్వ ఆ మాట నమ్మి మూడు రోజులు మింగింది. నాలుగో రోజు మనుషుల్ని గుర్తుపట్టలేదు. ఐలవ్వ కూతురు రజిత, రాజక్క కలిసి ఆటోలో జగిత్యాల ఆస్పత్రికి తీసుకుపోయారు.

పరీక్ష కాగితం వచ్చేసరికి రజిత మందుల కోసం కిందికి వెళ్లింది. రాజక్క తానిచ్చిన గోలీల అట్ట డాక్టరమ్మ శ్రుతికి చూపించి, తనకు వాటితోనే తగ్గిందని చెప్పింది.

"క్రిమి పేరు ఒక్కటేనమ్మా. కానీ దాంట్ల ఎన్నో రకాలుంటయి, వాటి జన్యువులే వేరు. ఒక్కో ఆడమనిషి ఒంట్ల ఒక్కో రకం. నీది గీ గోలీకి సచ్చింది. ఈమెది దీనికి లొంగదు. మొదటి రోజే మూత్రం పరీక్ష చేపిస్తే పనిచేసే మందు ఇచ్చెటోళ్లం. ఇప్పుడు రక్తంలకు పాకింది."

ఒకే మంట కదా, ఒకే మందనుకుంది పాపిష్టి రాజక్క! మూడో రోజు పొద్దునకు ఐలవ్వ లేదు.

శవం ముందు రజిత రాజక్క మెడ కావలించుకుని బావురుమంది.

"అందరికన్న ముందుగాల మా అవ్వకు మందిచ్చింది నువ్వే పెద్దమ్మా. నువ్వొక్కదానివే ఆదుకున్నవ్."

రాజక్క ఆ పిల్ల వీపు నిమురుతూ అలాగే కూర్చుండిపోయింది.