తవుడు బకెట్ చప్పుడు

మా ఫామ్ సారు పోయారు. మొన్న పొద్దున్న నేను కోత షెడ్డులో ఉండగా ఫోన్ మోగింది. నా చేతులకు నెత్తురు ఉండడంతో ముప్ఫై ఏళ్లుగా ఫామ్‌లో కసాయి పని చేస్తున్న భాయ్ ఫోనెత్తి నా చెవి దగ్గర పెట్టాడు. సారు భార్య మాట్లాడారు. "తెల్లారి లేపితే లేవలేదయ్యా. నీకు మాత్రం చెప్పాలనిపించింది" అన్నారు. భాయ్‌కి విషయం చెప్పాను. అతను కత్తిని నీళ్ల తొట్టిలో ముంచి, తుడిచి, గూట్లో పెట్టేశాడు. "ఇయ్యాల కోసుడు బంద్" అన్నాడు. ఆ రోజు రెండో వంతు దున్న తిరిగి కొట్టంలోకి పోయి ఇంకొక్క రోజు మేత మేసింది. సారు చావుతో బాగుపడింది అదొక్కటే.

మాది వ్యవసాయ కళాశాల ఫామ్. ఎల్బీ నగర్ దాటి సాగర్ రోడ్డు మీద, తుర్కయంజాల్ రాకముందే ఉంటుంది. అందులో మాంసం విభాగం అంటే ఎవరికీ లెక్క లేదు. పాల విభాగం వాళ్లు మమ్మల్ని పెద్దకూర బ్యాచ్ అనేవాళ్లు. నేను చేరింది కూడా మార్కులు తక్కువై, వేరే గతిలేకే. మా నాయన నల్గొండ పల్లె వదిలి వచ్చి కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీ చేసేవాడు. కొడుకు కాలేజీలో చదువుతున్నాడని చెప్పుకొనేవాడు గానీ ఏం చదువుతున్నాడో ఎవరికీ చెప్పేవాడు కాదు.

సారు గుంటూరు వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటినా మాట మారలేదు. ఒక్క "జర" మాత్రం నోటికి అంటుకుంది, దాన్ని మాతోనూ దున్నలతోనూ వాడేవారు. చుట్టుపక్కల డెయిరీల్లో మగదూడ పుడితే పాలు దండగని కడుపు ఎండబెట్టి చంపేసేవాళ్లు. సారు వాటిని స్వయంగా పోయి తెచ్చుకొని రెండేళ్లు మేపేవారు. అందరూ తల్లి పాలు చూసి విత్తనపు దున్నను ఎంచుకుంటే, సారు దాని వెనక తొడల మీద అరచెయ్యి వేసి ఎంచేవారు. వారానికోసారి భాయ్ కత్తులను స్కూటర్ డిక్కీలో వేసుకొని కొత్తపేటలో సాన పట్టించి, పాత పేపరు ముక్కను గాలిలో పట్టుకొని కోసి చూసేవారు. పేపరు తెగకుండా చిరిగితే మళ్లీ సాన పట్టించేవారు.

మొదటి క్లాసులో ఆయన పాఠమేమీ చెప్పలేదు. రెండు మాంసం ముక్కలు పళ్లెంలో పెట్టారు. ఒకటి ఎర్రగా తడిగా ఉంది. రెండోది నల్లగా, వేలికి జిగురుగా అంటుకుంటోంది.

"ఈ రెండూ ఎట్టా చచ్చినయ్యో చెప్పండి" అన్నారు.

మాకేం తెలుస్తుంది? ఆయనే చెప్పారు. ఎర్రది మా ఫామ్‌ది, నిలబడ్డ చోటే బెదరకుండా ప్రాణం విడిచింది. నల్లది బయట లారీలోంచి దించి, తోక విరిచి, తరిమి తరిమి కోసింది. భయంతో జీవం ఒంట్లో బలమంతా ఖర్చయిపోతే మాంసం నల్లబడుతుంది. "చంపేది ఒక్క క్షణమయ్యా. అంతకు ముందు రెండేళ్లూ మన పనే. జీవాన్ని తోలమాకండి, పిలవండి."

పిలవడానికి ఆయన దగ్గర ఉన్నది ఒక ఇనుప బకెట్. అందులో తవుడు పోసి వేలి కణుపులతో అంచు మీద కొట్టేవారు. ఆ చప్పుడు వింటే దున్నలు ఎక్కడున్నా తలెత్తి వచ్చేవి. కోత షెడ్డుకు కూడా అట్లాగే నడిచేవి, వెళ్లాక తవుడు తినేవి, తింటుండగా భాయ్ ఒక చేత్తో వాటి కళ్లు మూసేవాడు. మా ఫామ్‌లో కర్ర అనేది లేదు. ఒక నియమం మాత్రం ఉండేది. "ఖాళీ బకెట్ కొట్టమాక. ఒక్కసారి మోసపోతే జీవం మళ్లీ నమ్మదు." ఆ పని రెండేళ్లు నాకు అప్పజెప్పారు. దున్నలు ఆయన తర్వాత నన్నే నమ్మేవి.

తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్ల మీదికొచ్చిన కాలం అది. మేము క్లాసులు బహిష్కరించాం. సారు ఖాళీ గదిలో కాసేపు కూర్చుని కొట్టం వైపు వెళ్లిపోయేవారు. "మీ రాష్ట్రం మీకు రావాల్సిందేనయ్యా. మేత మటుకు ఆపమాకండి" అనేవారు. ఒక బంద్ రోజు హాస్టల్ మెస్సులో కూర్చొని రాస్తారోకో ఎట్లా చేయాలని తర్జనభర్జన పడుతుంటే బుర్ర ఉపయోగించింది నేనే.

"ఫామ్ దున్నల్ని అడ్డం నిలబెడదాం. మనల్ని కొట్టినోడు దున్నను కొడతడా? ఒక్క బస్సు కదలదు" అన్నాను.

"సారుకు తెలిస్తే ఎట్ల?" అని ఒకడు అడిగాడు.

"సారు కత్తులకు సాన పట్టియ్యనీకి పోయిండు. వొచ్చేలోపు తోలుకొస్తం తియ్" అన్నాను.

గొళ్లెం తీసింది నేను. తవుడు గది తాళం సారు దగ్గర ఉంది. ఆగే ఓపిక లేక ఖాళీ బకెట్ కొట్టాను. ఇరవై మూడు దున్నలు నమ్మి నా వెనక వచ్చాయి. కొమ్ములకు గులాల్ పూశాం, డప్పులు కొట్టాం. సాగర్ రింగ్ రోడ్డు దాకా గంట సేపు నడిపించి, ఎల్బీ నగర్ దగ్గర పడగానే ఆలస్యమవుతోందని వెనక నుంచి జెండా కర్రలతో పరిగెత్తించాం. అక్కడ అప్పటికే టైర్లు మండుతున్నాయి. రోడ్డుకు అడ్డంగా దున్నలను చూసి జనం ఈలలు వేశారు. ఆ అరగంట నేను లీడర్‌ని, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తర్వాత రాళ్లు పడ్డాయి. మొదటి రాయి ఎవరిదో నాకు తెలియదు. ఒక బస్సు అద్దం పగిలింది, ఒక పోలీసు తల పగిలింది. వాళ్లు లాఠీలతో దిగారు, టియర్ గ్యాస్ గుండ్లు దున్నల కాళ్ల మధ్య పేలాయి. దున్నలకు కళ్లు తుడుచుకోవడం రాదు కదా. రంకెలేస్తూ జనం మీదికి, మంటల మీదికి ఉరికాయి. కింద పడినవాణ్ని ఒకటి తొక్కింది, వాడి పక్కటెముకలు విరిగిన చప్పుడు నేను విన్నాను. ఇంకొకటి డివైడర్ ఇనుప కంచె దూకబోయి ముందుకాలు అందులో ఇరుక్కొని విరిగింది. ఎముక తోలు చీల్చుకొని బయటికి వచ్చింది. అది మూడు కాళ్ల మీద లేవడం, పడడం, మళ్లీ లేవడం. లాఠీ దెబ్బలు దాని మీదా పడ్డాయి. దున్నను ఎవడూ కొట్టడన్న నా అంచనా అక్కడే తేలిపోయింది.

కొత్తపేట వైపు నుంచి ఎవరో స్కూటర్‌ను పక్కకు పడేసి పొగలో పరిగెత్తుకుంటూ వచ్చారు. సారే. దున్న దగ్గర మోకాళ్ల మీద కూర్చొని కాలు చూశారు. లేచి డిక్కీలోంచి కత్తి తెచ్చారు. చుట్టూ చూసి, పది అడుగుల దూరంలో ఉన్న నన్ను కళ్లతో పట్టుకున్నారు.

"ఇటు రా. దాని కళ్లు మూయి" అన్నారు.

నేను కదల్లేదు. నా పక్కన నా వాళ్లున్నారు. వాళ్ల ముందు ఆంధ్రా సారు పిలిస్తే పరిగెత్తిపోతే నా లీడరుగిరీ ఏం కావాలి? దున్నలను ఎవరు తెచ్చారని ఆయన అందరి ముందు అడిగితే? కళ్లు మండుతున్నట్టు తల దించుకున్నాను.

సారు తన చొక్కా విప్పి దున్న కళ్ల మీద కప్పారు. దాని చెవి దగ్గర ఏదో అన్నారు. ఒక్కటే కోత. వేడి నెత్తురు తారు రోడ్డు మీద నా చెప్పుల దాకా పారింది. పొగలో జనానికి కనపడింది నెత్తుటి కత్తితో ఒక మనిషి మాత్రమే.

"ఎవర్ని కోస్తున్నవ్ రా" అని ఒకడు అరిచాడు.

"ఎవర్నీ కాదయ్యా, కాలు విరిగింది దానికి" అన్నారు సారు. ఆ యాస చాలింది. "ఆంధ్రోడు కత్తి పట్టిండు" అన్నారెవరో. జెండా కర్ర ఒకటి ఆయన తల మీద పడింది. ఆయన కింద పడ్డాక ఇంకో రెండు పడ్డాయి. కత్తి చూసి వచ్చిన పోలీసు వీపు మీద లాఠీ విరగ్గొట్టాడు. "మా సారు" అని రెండు మాటలంటే చాలు, ఆగేవాళ్లు. నేను అనలేదు. తెలంగాణ కోసం రోడ్డెక్కినందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. ఆ రెండు మాటలు అననందుకు ఉంది.

మరునాడు క్లాసుకు నేనొక్కడినే వెళ్లాను. తలకు కట్టుతో సారు వచ్చారు. పళ్లెంలో ఒక్క ముక్క పెట్టారు. తుమ్మ బొగ్గులా నల్లగా ఉంది. ఎట్టా చచ్చిందో చెప్పమని ఆ రోజు అడగలేదు. పళ్లెం నా ముందు వదిలి వెళ్లిపోయారు.

విచారణలో దున్నలను ఎవరు వదిలారని అడిగితే, "గేటు గొళ్లెం నేనే పెట్టలేదు" అని రాసిచ్చారు. మాంసం విభాగం ఆయన చేతిలోంచి తీసేసి విత్తనాల గోదాముకు పంపారు. రిటైరయ్యేదాకా అక్కడే. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా కొట్టంలోకి రాలేదు. రాష్ట్రం వచ్చింది, అదే విభాగంలో నాకు ఉద్యోగం వచ్చింది. స్వీట్ డబ్బాతో దిల్‌సుఖ్‌నగర్ ఇంటికి వెళ్లాను. గొళ్లెం తీసింది నేనేనని చెప్పాలనే వెళ్లాను. సారు ఒక ముక్క నోట్లో వేసుకొని అడిగారు.

"బకెట్‌లో తవుడు పోసే కొడుతున్నావా?"

"పోసే కొడుతున్న సార్" అన్నాను.

చెప్పాలనుకున్నది చెప్పకుండానే లేచి వచ్చాను. ఇన్నేళ్లు నేను చెప్పుకోలేనిది మీ ముందు రాస్తున్నాను. ఇక ఆయన చదవరు.

మొన్న పాడె మోసినప్పుడు నా ముందున్నవాళ్లు తొందరపడ్డారు. ఎండగా ఉంది, ట్రాఫిక్ ఆగింది. ఆ బంద్ రోజు సాయంత్రం గుర్తొచ్చింది. పోలీసులూ జనమూ చెదిరిపోయాక సారు డివైడర్ పట్టుకొని లేచి నిలబడ్డారు. బనీను నిండా నెత్తురు, ఎంత ఆయనదో ఎంత దున్నదో తెలియదు. బెదిరిన దున్నలు రోడ్డు పొడుగునా చెల్లాచెదురై ఉన్నాయి. నొక్కుకుపోయిన బకెట్ ఏరుకొని లోపలికి చూశారు. అప్పుడు నా వైపు చెయ్యి చాపారు.

"ఇది ఖాళీగా ఉంది. తవుడు తేపో."

సగం దించిన దాణా కొట్టు షట్టర్ కింద చెయ్యి పెట్టి బతిమాలి రెండు దోసిళ్లు తెచ్చి పోశాను. సారు అంచు మీద కణుపులతో కొట్టారు. మొదట ఏదీ కదల్లేదు. ఆయన ఆగి, మళ్లీ కొట్టారు. ఒకటి తలెత్తింది. తర్వాత ఇంకొకటి. గంటలో తేలే దారికి మూడు గంటలు పట్టింది. కాలిన టైర్ల మధ్య నుంచి, పగిలిన అద్దాల మీదుగా, ముందు బకెట్ చప్పుడు, దాని వెనక ఇరవై రెండు దున్నలు, అన్నిటికంటే వెనక నేను. తొందరపడి ఒకదాని వీపు మీద చెయ్యి వేశాను. సారు వెనక్కి తిరగలేదు.

"జర మెల్లగా" అన్నారు. ఎవరితో అన్నారో నేను అడగలేదు.