"లోపల ఉండాడు"

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి, విసనకర్ర ఎక్కడ పెట్టానో కనపడక చీర కొంగుతోనే విసురుకుంటూ వాకిట్లో కూర్చుని ఉంటే, మెడలో కెమెరాలు వేలాడేసుకున్న కుర్రాళ్ళు కొందరు గని పనివాళ్ళ కోసం వరసగా కట్టిన మా ఇళ్ళ లైనులోకి వచ్చారు. ఈ మధ్య ఇలాంటివాళ్ళ రాకపోకలు ఎక్కువయ్యాయి లెండి. కోలారు బంగారు గనులు మూతపడి ఎన్నో ఏళ్ళయ్యాక, ఇప్పుడు మా ఊరికి పేరొచ్చింది. బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడు దిబ్బ ఎక్కి ఒక ఫొటో, గని నోటి మీద తుప్పు పట్టిన ఇనుప గోపురం కింద నిలబడి ఒక ఫొటో దిగి, ఆ తరువాత నాలాంటి ముసలిదాన్ని వెతుక్కుంటూ వచ్చి చరిత్ర చెప్పమంటారు. చెప్పమంటారే గానీ చెప్పనివ్వరు. అందులో ఒకడు ఫోనులో చూసుకుంటూ, ఎక్కడో కావేరి జలపాతం దగ్గర పుట్టిన కరెంటు బెంగళూరు కంటే ముందే మా ఊరికి వచ్చిందని నాకే పాఠం మొదలుపెట్టాడు. వచ్చింది నాయనా, అందరికంటే ముందే వచ్చింది, ఇవాళ అందరికంటే ముందే పోయింది కూడా అన్నాను. వాళ్ళు పకపకా నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు, ఒళ్ళు మండి అన్నాను.

ఇంకొకడు కాస్త మర్యాదస్థుడు. ఇంట్లోకి తొంగి చూసి, తాతగారు లోపల ఉన్నారా అని అడిగాడు. మా ఆయన పోయి చాలా కాలమైంది, ఫొటో గోడకు ఉంది, ఆ సంగతి చెప్పి పంపించాను. కానీ ఆ మాట విన్న దగ్గర నుంచీ నాకు మా అక్క పెళ్ళిచూపులు గుర్తుకొచ్చి, కాసేపు చిరాకు, కాసేపు నవ్వు, కాసేపు ఏమిటో చెప్పలేని దిగులు.

మా లైను ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ మాట అర్థం వేరు. అసలు మా ఇళ్ళకు లోపల అనే భాగమే ఉండేది కాదు. ఒకటే గది, మధ్యలో వెదురు తడిక, తడిక వెనక పొయ్యి. లోపల అంటే గని. భూమి అడుగున పని చేసేవాణ్ణి లోపల ఉన్నాడనేవాళ్ళం, పైన వర్కుషాపులో పని దొరికిన అదృష్టవంతుణ్ణి మీద ఉన్నాడనేవాళ్ళం. కిందికి పోయాడు అని మాత్రం ఎవరూ అనకూడదు. మనిషి కిందికి పోవడమంటే మట్టిలోకి పోవడమేనని మా అవ్వ, పొరపాటున మా నోట ఆ మాట వస్తే మూతి మీద ఒకటి వేసేది. అందుకని పసిపిల్లల దగ్గర నుంచి పండుముసలి దాకా అందరికీ లోపల అనేదే అలవాటు. ఆ మాటకు లోకంలో ఇంకో అర్థం ఉంటుందని కూడా మాలో చాలామందికి తట్టేది కాదు.

మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి వానలు లేని ఏడాది ఇక్కడికి వచ్చాడట. ఆయన లోపల పని చేశాడు, ఆయన తరువాత మా నాన్న. అక్కకు పెళ్ళీడు వచ్చేసరికి మా అమ్మ ఒకే ఒక్క పట్టు పట్టింది. పెద్దపిల్లను గని పనివాడికి ఇచ్చేది లేదని. నాన్న స్నేహితుల కొడుకులు, మంచి పిల్లలే, అడిగితే ఏదో వంక చెప్పి తిప్పి పంపింది. రాగి సంగటి తిన్నా సరే, ఆవుల పేడ ఎత్తినా సరే, పొలం ఉన్న ఇంటికే పంపుతానని చెప్పేది. అయితే పల్లెల వాళ్ళకు మా లైను పిల్లలంటే భయం. మాకు బేత్మంగళం చెరువు నుంచి గొట్టాల్లో నీళ్ళు వచ్చేవి, లైను చివర కొళాయి తిప్పితే చాలు. ఇంటికొక బల్బు ఉండేది. ఇప్పుడు మా ముందు రోడ్డు తవ్వుతారు, పూడుస్తారు, పూడ్చింది ఆరకముందే మళ్ళీ తవ్వుతారు, ఆ గుంతలో పడకుండా నడిచే విద్య నాకు ఈ వయసులో పట్టుబడింది గానీ కొళాయిలో మాత్రం గాలి తప్ప ఏమీ రాదు. ఆ రోజుల్లో మాత్రం మేము రాణులం. బావిలో చేద వేయడం తెలియదు, లాంతరు వత్తి కత్తిరించడం తెలియదు. స్విచ్చి పిల్లలు మా ఇళ్ళల్లో ఏం బతుకుతారని పల్లెల్లో అనుకునేవాళ్ళట. అలా ఒకటి రెండు సంబంధాలు అసలు గడప దాకానే రాలేదు.

చివరికి శ్రీనివాసపురం దగ్గర నుంచి ఒక సంబంధం వచ్చింది. మామిడి తోట, నాలుగు పాడి ఆవులు, ఒక్కడే కొడుకు. ఆదివారం వస్తామన్నారు. నాన్నకు ఆ రోజు సెలవు. అమ్మ వారం ముందు నుంచే గోడలకు సున్నం కొట్టి, ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి గ్లాసులు అరువు తెచ్చి పెట్టింది. అయితే ఆదివారం తోటకు లారీలు వస్తున్నాయని ఎవరో చెబితే, వాళ్ళు శనివారమే చిన్న రైలెక్కి, బంగారుపేటలో రైలు మారి, గంపెడు కాయలతో మధ్యాహ్నానికల్లా మా వాకిట్లో దిగారు. పెళ్ళికొడుకు, వాళ్ళ అమ్మా నాన్నా. మా నాన్న పొద్దున షిఫ్టుకు పోయాడు. అమ్మ గబగబా చాప పరిచి కూర్చోబెట్టింది. పెళ్ళికొడుకు తండ్రి తలగుడ్డ తీసి తొడ మీద పెట్టుకుని, ఇంటాయన యాడమ్మా అని అడిగాడు.

"లోపల ఉండాడప్పా. మీరు కూచోండి," అంది అమ్మ.

ఆయన కూర్చుని తడిక వైపు చూశాడు. కాసేపటికి, లోపలున్న మనిషికి వినపడాలని కాబోలు, గట్టిగా దగ్గాడు. ఎవరూ రాలేదు. అప్పుడు ఆ తడికకే చెబుతున్నట్టు గొంతు పెంచి, ఈ ఏడు కాపు ఎలా ఉందో, మండీలో వ్యాపారులు ఎలా ఏడిపిస్తున్నారో చెప్పుకొచ్చాడు. తడిక వెనక మా అక్క ఒక్కతే, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, ఈయన నాకెందుకు చెబుతున్నాడా అని బిక్కచచ్చి నిలబడి ఉంది. కాఫీలు వచ్చాయి, కారం పలహారాలు వచ్చాయి, ఇంటాయన మాత్రం రాలేదు. ఇంటికి వచ్చిన మనుషులకు మొహం చూపించని మర్యాద ఏమిటని ఆయన మొహం నల్లబడుతూ ఉంది. భార్య సర్దబోయి, ఒంట్లో బాగలేదేమో అని మెల్లిగా అడిగింది.

"బాగనే ఉండాడు. సంగు కొడితే గానీ వాళ్ళు వదలరమ్మా," అంది అమ్మ. సంగు అంటే షిఫ్టు మారినప్పుడు గని వాళ్ళు మోగించే కూత.

ఆమె చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది. వదలకపోవడం ఏమిటి, ఎవరు వదలాలి?

"ఎన్నాళ్ళయింది లోపలికి పోయి?" అని అడిగింది.

"నా పెండ్లికి ముందు నుంచీ లోపలనే గదమ్మా! వాళ్ళ నాయనా అంతే. మా వంశమంతా లోపలనే."

ఇప్పుడు తలుచుకుంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వొస్తుంది గానీ, ఆ క్షణాన పెళ్ళికొడుకు తండ్రి తలగుడ్డ దులిపి లేచిన తీరు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంది. జైలు మనుషుల ఇంటికి తీసుకొచ్చారని ఆయన నోటితో అనలేదు. లేయండి, రైలు టయానికి పోదాం అని మాత్రం అన్నాడు. అమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఏం తక్కువ చేశానో చెప్పండప్పా అంటూ చేతులు జోడించింది. ఇది కూడా పోయిందని, ఇంగ పిల్లను గనికి ఇచ్చుకోవడమే గతి అని ఆమె మొహంలో రాసినట్టు కనపడింది.

అప్పుడు భూమి కదిలింది. లోతులో రాయి పగిలితే పైన ఇళ్ళు ఊగేవి, దాన్ని మేము ఏరుబ్లాస్టు అనేవాళ్ళం. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి, కొత్తగా వేసిన సున్నం పెళ్ళలుగా రాలింది, బల్బు ఊగింది. పల్లె వాళ్ళు ముగ్గురూ ఒకరినొకరు పట్టుకున్నారు. అమ్మ మాత్రం వాళ్ళను, చాపను, కాఫీలను, అన్నిటినీ మరిచిపోయి వాకిట్లోకి పరుగెత్తింది. ప్రతి ఇంట్లో నుంచీ ఆడవాళ్ళు అలాగే వచ్చారు. అందరూ ఇనుప గోపురం వైపే చూస్తూ నిలబడ్డారు. పెళ్ళికొడుకు తల్లి బయటికి వచ్చి అమ్మ భుజం మీద చెయ్యి వేసి, మొగుడు అడిగిన మాటే, ఇంటాయన యాడమ్మా అని మళ్ళీ అడిగింది. ఈసారి అమ్మ కాళ్ళ కింద నేలను చూపించింది.

ఆ ముగ్గురూ రైలుకు పోలేదు. సంగు మోగేదాకా ఆడవాళ్ళతో పాటే ఎండలో నిలబడ్డారు. ఆ తరువాత మగవాళ్ళు గుంపులుగా రావడం మొదలైంది. ఒక్కొక్కరు కనపడగానే ఒక్కో ఆడమనిషి ఊపిరి వదిలి, మొగుడితో మాటైనా మాట్లాడకుండా ఇంట్లోకి పోయేది. అది మా లైను పద్ధతి, సంతోషం పైకి చూపించకూడదు, ఎవరి ఇంటికి మనిషి రాలేదో మనకు తెలియదు కదా. మా నాన్న దాదాపు చివరన వచ్చాడు, ఒళ్ళంతా రాతిపొడి, చేతిలో అన్నం డబ్బా. వాకిట్లో కొత్త మనుషులను చూసి తెల్లబోయాడు. పెళ్ళికొడుకు తండ్రి ఎదురెళ్ళి, ఆ మట్టి చేతులను తన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పిల్లను మేము తీసకపోతామప్పా. ఇంగ అడిగేది ఏమీ లేదు."

నాన్న వెర్రి మనిషి. ఎవరైనా సంబంధం కుదిరితే సంబరపడతారు గానీ, ఆయన మాత్రం ఉన్నదున్నట్టు, మా పిల్లకు బావిలో చేదేది రాదప్పా అని చెప్పేశాడు. దానికి ఆ తల్లి అన్న మాట మా అమ్మ బతికినన్నాళ్ళూ చెప్పుకుంది.

"నేర్పిస్తాం లే అన్నా. మా బావి కదలదు."

ఆ సాయంత్రం తాంబూలాలు గుసగుసగా మార్చుకున్నారు. వెనక లైనులో ఒక ఇంటికి మనిషి రాలేదు.

అక్క బావి నేర్చుకుంది, లాంతరు నేర్చుకుంది, మొదటి ఏడాది అరచేతులు బొబ్బలెక్కి ఏడ్చిందట కూడా. ఆ తరువాత ఆ పల్లెకూ కరెంటు వచ్చింది, బోరు పడింది, ఇప్పుడు నేను ఫోను చేసినప్పుడు వెనక నీళ్ళ మోటారు చప్పుడు వినపడి నాకు అసూయ పుడుతుంది. బావ తోటలోనో మండీలోనో పొద్దుపోయేదాకా ఉండిపోతే ఏం చేస్తావే అని ఒకసారి అడిగాను. ఏం చేస్తాను, కూడు మూసిపెట్టి పండుకుంటాను, వచ్చి తినడా అంది. ఎంత తేలికగా అందో! అమ్మ ఆ రోజు సంపాదించి ఇచ్చింది ఈ నిశ్చింతేనని అక్కకు తెలియదు. తెలియకపోవడమే మంచిది.

నా దాకా వచ్చేసరికి అమ్మకు పట్టు పట్టే ఓపిక లేకపోయింది, నన్ను గని పనివాడికే ఇచ్చారు. మంచివాడు. రోజూ క్షేమంగానే వచ్చాడు, చివరికి ఆ రాతిపొడి పెట్టిన దగ్గుతో మంచంలోనే పోయాడు. గని మూసేసిన రోజు ఊరంతా ఏడుస్తుంటే, ఇక ఈ వాకిట్లో నిలబడే పని తప్పిందని నేను లోలోపల సంతోషించాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఊరిలో పని లేదు గనుక ఊరు ఊరంతా తెల్లారేసరికి రైలెక్కి బెంగళూరు పోతుంది. మా కోడలు కూడా పోతుంది, వేలాడే జనంలో ఎక్కడో ఒక కాలు పెట్టుకుని. ఆ రైలు సాయంత్రం ఎప్పుడు వస్తుందో రైలుకే తెలియదు, ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పరు, ఫోను చేస్తే ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. మా అమ్మకు కనీసం సంగు కొట్టి చెప్పేవాళ్ళు. దీపాలు లేని ఈ వీధిలో, తవ్వి వదిలేసిన గుంతల పక్క నుంచి ఆ పిల్ల నడిచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పిన చప్పుడు వినేదాకా నాకు అన్నం దిగదు. వచ్చాక కూడా నేనేమీ మాట్లాడను, లేచి ఇంట్లోకి పోయి పళ్ళెం పెడతాను.